రాత్రి పదకొండింటికి ఓపీ నోట్స్ పూర్తి చేస్తున్న డాక్టరమ్మకి

ప్రశ్న: నమస్తే సర్. నేను ఎండీ జనరల్ మెడిసిన్, వయసు 36. కోస్తాలో ఒక టౌన్‌లో ప్రైవేట్ హాస్పిటల్లో పనిచేస్తున్నా. కిందటేడు మావాళ్ళు ఈఎంఆర్ (పేషెంట్ల రికార్డులన్నీ కంప్యూటర్‌లోనే ఎక్కించే సాఫ్ట్‌వేర్) పెట్టారు, ఓపీ చీటీలు బంద్. దాంతో పాటే వీడియో కన్సల్టేషన్లు కూడా మొదలెట్టారు, అవి ఓపీ మధ్యలోనే వస్తాయి. పొద్దున ఓపీ 50-60 మంది. టైప్ చేసుకుంటూ కూర్చుంటే పేషెంట్ మొహం చూసే టైం ఉండట్లేదు. ఒక పెద్దావిడ అయితే బయటికెళ్ళి రిసెప్షన్లో "ఈ డాక్టరమ్మ కంప్యూటర్‌కే వైద్యం చేత్తంది" అన్నదట. మిగిలిపోయిన నోట్స్ రాత్రి పాపని పడుకోబెట్టాక చేస్తున్నా. మేనేజ్‌మెంట్‌ని అడిగితే "టైపింగ్ స్పీడ్ పెంచుకోండి మేడమ్, అలవాటైపోతుంది" అంటున్నారు. మా ఆయన మానేసి సొంత క్లినిక్ పెట్టుకో, పెన్నూ కాగితంతో హాయిగా ఉంటావు అంటున్నారు. నాకు కంప్యూటర్ సరిగ్గా రాకపోవడమే ప్రాబ్లమా సర్? మానేయమంటారా?

జవాబు: డాక్టరమ్మా, మీకు కంప్యూటర్ రాకపోవడం ప్రాబ్లం కానే కాదు. పీజీ ఎంట్రన్స్ కంప్యూటర్ ముందు కూర్చుని రాసి సీటు తెచ్చుకున్న మనిషికి నాలుగు బాక్సులు నింపడం రాదంటే ఎవరు నమ్ముతారు. టైపింగ్ స్పీడ్ పెంచుకోండి అన్న సలహా మాత్రం ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయండి. మీరు స్పీడ్ పెంచితే ఆ మిగిలిన టైంలో ఇంకో పది మందిని ఓపీలో వేస్తారు, రాత్రి లాప్‌టాప్ ఎక్కడికీ పోదు.

అసలు జరిగిందేంటో ఒకసారి చూడండి. చీటీల రోజుల్లో పేరూ వయసూ రిసెప్షన్లో రాసేవాళ్ళు, బీపీ, బరువు సిస్టర్ చీటీ మూలకి రాసేది, మీరు నాలుగు లైన్లు రాసి మందులు రాసి ఐదు రోజులకి రమ్మని సంతకం పెట్టేవాళ్ళు, టెస్టులు ల్యాబ్‌వాళ్ళు ఆ చీటీ చూసి బిల్లు వేసుకునేవాళ్ళు, ఇన్సూరెన్స్ కేసైతే ఆ డెస్క్ కుర్రాడు ఫారం నింపుకుని మీ దగ్గరికి సంతకానికి మాత్రం వచ్చేవాడు. ఇప్పుడు వీళ్ళందరి పనీ ఒక్కో బాక్స్ అయిపోయి మీ స్క్రీన్ మీదకొచ్చి కూర్చుంది. టెస్ట్ ఆర్డర్ మీరే పెట్టాలి, డయాగ్నసిస్ కోడ్ మీరే వెతకాలి, ఎర్ర స్టార్ ఉన్న బాక్స్ నింపకపోతే సేవ్ అవదు, జలుబుతో వచ్చిన పాతికేళ్ళ కుర్రాడికి కూడా ఫ్యామిలీ హిస్టరీ అడుగుతుంది. అంటే కంప్యూటర్ వచ్చి పని తగ్గించలేదు, నలుగురి పనిని హాస్పిటల్లో అందరికంటే ఖరీదైన మనిషి చేతికి మార్చింది. ఆ మారిన పనికి టైం ఎవరూ లెక్కగట్టలేదు కాబట్టి అది మీ పాప నిద్రపోయాక వచ్చి కూర్చుంటోంది.

ఇది మీ ఒక్క హాస్పిటల్ గొడవ కూడా కాదులెండి. అమెరికాలో 2009లో హైటెక్ యాక్ట్ తెచ్చి ఎలక్ట్రానిక్ రికార్డులు పెట్టుకున్న డాక్టర్లకీ హాస్పిటళ్ళకీ గవర్నమెంటే డబ్బులిచ్చింది, దాంతో కొన్నేళ్ళకే దాదాపు అందరూ స్క్రీన్ ముందుకొచ్చేశారు. తర్వాత డాక్టర్ పక్కన మనుషుల్ని నిలబెట్టి ఏ నిమిషం ఏం చేస్తున్నారో రాయించిన స్టడీ 2016లో వచ్చింది, పేషెంట్‌తో గడిపే ప్రతి గంటకీ దాదాపు రెండు గంటలు రికార్డులకీ టేబుల్ పనికీ పోతోందని, అది కాక రాత్రి ఇంటి దగ్గర ఇంకో గంటో రెండు గంటలో. మరుసటేడు విస్కాన్సిన్‌లో 142 మంది ఫ్యామిలీ డాక్టర్ల సిస్టమ్ లాగ్‌లు తీసి చూస్తే రోజుకి 11.4 గంటల పనిలో 5.9 గంటలు ఈ రికార్డులోనే గడుస్తున్నాయి. వాళ్ళు ఈ రాత్రి పనికి పైజామా టైం అని పేరు కూడా పెట్టుకున్నారు, మీ బ్యాచ్‌మేట్స్‌లో ఎవరైనా డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే ఒకసారి కదిపి చూడండి, గంట సేపు ఆపకుండా చెప్తారు. 2012లో జామా అనే మెడికల్ జర్నల్‌లో ఏడేళ్ళ పాప వేసిన బొమ్మ ఒకటి అచ్చేశారు. బెడ్ మీద తను, కుర్చీలో అక్క, అమ్మ ఒళ్ళో చెల్లి, డాక్టర్ మాత్రం వాళ్ళకి వీపు పెట్టి కంప్యూటర్‌లో కొట్టుకుంటున్నాడు. మీ రిసెప్షన్లో ఆ పెద్దావిడ అన్నదీ అదే కదా, ఆవిడ నోటితో అంది, ఆ పాప క్రేయాన్‌తో అంది.

అయితే వాళ్ళ దగ్గర ఒక్కో పేషెంట్‌కి మనకంటే చాలా ఎక్కువ టైం ఉంటుంది, అక్కడే ఇంత గొడవ. మీది లెక్కేద్దాం. తొమ్మిదిన్నర నుంచి రెండింటిదాకా ఓపీ అనుకుంటే 270 నిమిషాలు, 60 మంది అంటే మనిషికి నాలుగున్నర నిమిషాలు. ఎంట్రీకి రెండున్నర నిమిషాలు పోతే మాట్లాడ్డానికి, స్టెత్ పెట్టి చూడ్డానికి కలిపి రెండు నిమిషాలు. ఈ లెక్కలో టైపింగ్ స్పీడ్ ఎక్కడ సరిపోతుంది చెప్పండి.

అట్లాగని నేను రికార్డుని తిట్టను, మీరు కూడా తిట్టకండి. షుగర్ పేషెంట్ తెచ్చే ఆ మెడికల్ షాప్ కవర్ గుర్తుందిగా, అందులో మూడు ఊళ్ళ చీటీలు, వెలిసిపోయిన ఈసీజీ, పేరు ఉన్న వైపు చించేసిన మాత్రల స్ట్రిప్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ ఉంటే దాని తేదీ మడతలో పోయి ఉంటుంది. అదే స్క్రీన్ మీద మూడేళ్ళ క్రియాటినిన్ వరసగా 1.1, 1.4, 1.9 అని కనపడితే మోకాళ్ళ నొప్పికి బిళ్ళలేమైనా కొనుక్కుని మింగుతున్నారా అని అడగాలని వెంటనే తడుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో ఒక కిడ్నీ మిగలొచ్చు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 2010 నుంచి ఐస్మార్ట్ అని తమవాళ్ళే తయారు చేసుకున్న రికార్డు వాడుతున్నారు, దాని మీద బోలెడు రీసెర్చ్ కూడా చేస్తున్నారు. కాబట్టి పెన్నూ కాగితంతో హాయి అన్న మాట సగమే నిజం, ఆ హాయి రాసేవాళ్ళకి, తర్వాత చదివేవాళ్ళకి కాదు (మన డాక్టర్ల చేతిరాత సంగతి ఇక్కడ ఎత్తను).

మరి ఏం చెయ్యాలి అంటారా. ముందు మేనేజ్‌మెంట్ దగ్గరికి కష్టం చెప్పుకోవడానికి వెళ్ళకండి, లెక్క పట్టుకుని వెళ్ళండి. లెక్క మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది, చెప్పుకోదగ్గ ఏ ఈఎంఆర్‌లో అయినా ఎవరు ఎన్నింటికి లాగిన్ అయ్యారు, ఏ నోట్ ఎన్నింటికి సేవ్ చేశారు అన్నీ రికార్డ్ అవుతాయి. ఐటీ వాళ్ళని మీ ఐడీ మీద ఒక నెల లాగ్ అడగండి, సాయంత్రం ఏడు దాటాక సేవ్ అయిన నోట్స్ ఎన్నో విడిగా తీయించండి. నేను అలసిపోతున్నాను అంటే అందరూ అలసిపోతున్నాం మేడమ్ అంటారు, ఇదిగో నెలలో ఇన్ని గంటలు మీ పని నా ఇంట్లో జరిగింది అని ప్రింటవుట్ టేబుల్ మీద పెడితే ఆ మాట అనలేరు.

అడగాల్సింది మంచి కంప్యూటర్ కాదు, మనిషిని అడగండి. మీ పక్కన కూర్చుని మీరు చెప్తుంటే ఎంటర్ చేసే ఒక మనిషి. నర్సింగ్ చదివిన అమ్మాయో ఫార్మ్‌డీ అనే ఫార్మసీ కోర్సు చేసిన కుర్రాడో అయితే మందుల పేర్లు, డోసులు తెలిసి ఉంటాయి, మన దగ్గర ఫార్మ్‌డీ చేసి సరైన ఉద్యోగం దొరక్క తిరిగేవాళ్ళు తక్కువేం లేరు. మీ గంటకి హాస్పిటల్‌కి వచ్చే డబ్బు ఎంతో, ఆ మనిషికి నెలకి ఇచ్చే జీతం ఎంతో మేనేజింగ్ డైరెక్టర్ గారి ముందు పక్కపక్కన రాసి పెట్టండి, ఆయనకి ఆ భాష బాగా అర్థమవుతుంది. ఇవ్వకపోతే కనీసం బయట సిస్టర్ దగ్గరే బీపీ, షుగర్, బరువు, అలర్జీ, ఇప్పుడు వాడుతున్న మందులు ఎంట్రీ అయ్యి లోపలికి రావాలని పట్టుబట్టండి, మీ రూంలోకి ఖాళీ పేజీ రాకూడదు. ఇన్సూరెన్స్ బాక్సులు ఇన్సూరెన్స్ డెస్క్‌వే. ఇంకోటి, ఆ ఎర్ర స్టార్లు ఎవరు పెట్టించారో కనుక్కోండి. చాలాసార్లు అవి సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవి కావు, మన క్వాలిటీ వాళ్ళో బిల్లింగ్ వాళ్ళో ఇన్‌స్టాల్ చేసే రోజు ఎందుకైనా మంచిదని కంపల్సరీ పెట్టించినవే, ఫిజీషియన్లంతా కలిసి ఒక లెటర్ రాస్తే సగం తీసేస్తారు.

మీ వైపు నుంచి చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. జ్వరం, షుగర్ రివ్యూ, బీపీ రివ్యూ, గ్యాస్ట్రైటిస్, మీ ఓపీలో రోజూ వచ్చేవి ఇవేగా, వాటికి టెంప్లేట్లు మీరే ఒక ఆదివారం కూర్చుని చేసుకోండి. కానీ ఒక్క జాగ్రత్త, మందులూ టెస్టులూ ముందే నింపి పెట్టుకోవచ్చు గానీ ఎగ్జామినేషన్ మాత్రం ఖాళీగానే ఉంచండి. చెస్ట్ క్లియర్, అబ్డామెన్ సాఫ్ట్ అని ముందే నిండి ఉన్న టెంప్లేట్ చాలా సుఖంగా ఉంటుంది, న్యుమోనియా పేషెంట్ నోట్‌లో కూడా చెస్ట్ క్లియర్ అనే ఉంటుంది, ఆ పేషెంట్ మూడో రోజు వెంటిలేటర్ మీదకెళ్ళి వాళ్ళబ్బాయి కన్స్యూమర్ కోర్టుకెళ్తే ఆ రెండు మాటలకి సమాధానం చెప్పాల్సింది మీరు. నిన్నటి నోట్ కాపీ కొట్టి ఇవాళ పేస్ట్ చేయడం కూడా ఇంతే. చూడనిది రాయకండి, ఖాళీ వదిలినా ఫర్వాలేదు.

పాస్‌వర్డ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మన హాస్పిటళ్ళలో కన్సల్టెంట్ ఐడీతో డ్యూటీ డాక్టర్, సిస్టర్, ఒక్కోసారి ల్యాబ్ అబ్బాయి కూడా లాగిన్ అవుతారు, మానిటర్ అంచుకి స్టిక్కర్ మీద పాస్‌వర్డ్ రాసి అంటించి ఉంటుంది. అది ఇవాళే పీకేయండి. ఎంట్రీకి మనిషిని ఇచ్చినా తన ఐడీతో తను ఎంటర్ చెయ్యాలి, మీ ఐడీతో మీరు చదివి సంతకం పెట్టాలి.

పేషెంట్ లోపలికొచ్చాక మొదటి నిమిషం కీబోర్డ్ ముట్టుకోకండి, ఆ ఒక్క నిమిషం కూడా మనది కాదంటే ఇంక చేసేదేముంది. మానిటర్ మీకూ పేషెంట్‌కీ మధ్య గోడలా ఉంటే బల్ల చివరికి, ఇద్దరికీ కనపడేలా తిప్పించండి. తర్వాత టైప్ చేసేటప్పుడు నోటితో చెప్తూ చెయ్యండి, "పోయినసారి మూడు నెలల షుగర్ 9.2 ఉంది, ఇప్పుడు 8.1కి దిగింది, ఇదిగో చూడండి పెద్దమ్మా" అని వేలితో చూపించండి. అప్పుడు ఆ స్క్రీన్ వాళ్ళ సొంత విషయం అవుతుంది, మీరు వాళ్ళని వదిలేసి ఇంకేదో చూసుకుంటున్నారని అనుకోరు. మాట్లాడుతుంటే తనే నోట్ రాసే ఏఐ టూల్స్ వస్తున్నాయి, మీ మేనేజ్‌మెంట్ కూడా ఎప్పుడో తెస్తుంది. తెలుగులో పేషెంట్, పక్కన కూతురు, మధ్యలో ఫోన్ రింగ్, ఇవన్నీ కలిసిన మన ఓపీలో అది ఏం రాసిందో అక్షరం అక్షరం చదవకుండా సైన్ చెయ్యొద్దు, మాటలు రికార్డ్ చేస్తున్నామని పేషెంట్‌కి చెప్పి ఒప్పించాకే ఆన్ చెయ్యండి. 2023లో డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా వచ్చింది కాబట్టి ఆ రికార్డింగ్ ఎక్కడ స్టోర్ అవుతుందో హాస్పిటల్‌ని అడిగి తెలుసుకోండి, అడగకపోతే మీకే తలనొప్పి.

ఇక వీడియో కాల్స్. ఇందులో మీ హాస్పిటల్ చేస్తున్నది నాకు అస్సలు నచ్చలేదు. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని ఇంకో మనిషి కాల్ ఎత్తడం ఏంటి, ఈవిడ పైల్స్ సంగతి ఆయన వినాలి, ఆయన ఉద్యోగం పోయిన సంగతి ఈవిడ వినాలి. కాల్స్‌కి విడిగా టైం ఉండాలి, ఓపీ అయ్యాక మూడు నుంచి నాలుగు అనుకోండి, ఆ గంట ఇంకేం పని ఉండకూడదు.

ఆ కాల్ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఓపెన్ అవగానే సీలింగ్ ఫ్యాన్ కనపడుతుంది. హైదరాబాద్‌లో ఆఫీసు మెట్ల దగ్గర నిలబడ్డ కొడుకు "అమ్మా ఫోన్ కిందికి దించు, ఇంకా కిందికి" అంటుంటాడు, మూడో బాక్సులో అమెరికా అల్లుడు నిద్రమొహంతో అడక్కుండానే యాంటీబయాటిక్ పేరు సూచిస్తాడు, తల్లి మాత్రం "అయే బిళ్ళలు రాసెయ్యండమ్మా, ఎందుకిదంతా" అంటుంది. కాలి మీద పుండు చూపించమంటే ట్యూబ్‌లైట్ వెలుతుర్లో అది ఎర్రగా ఉందో నల్లగా ఉందో దేవుడికే తెలియాలి. ఇలాంటి కాల్ పెట్టేశాక మీకు గిల్టీగా ఉంటుంది చూశారా, అది మీ చేతకానితనం కాదు, చెయ్యి పెట్టి చూడకుండా నిర్ణయం తీసుకోవాల్సి రావడం వల్ల వచ్చే అలసట, ఓపీ అలసట వేరు ఇది వేరు.

టెలిమెడిసిన్ మనకి కొత్తదేం కాదు, చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్ళ సెంటర్ 2000లో అప్పటి అమెరికా ప్రెసిడెంట్ క్లింటన్ చేతుల మీదుగా మొదలైంది. ఇది ఎక్కడ బాగా నడుస్తుందంటే అవతలి వైపు తెలిసిన చెయ్యి ఒకటి ఉన్న చోట. ఎల్వీ ప్రసాద్ వాళ్ళు ఊళ్ళలో పెట్టిన విజన్ సెంటర్లలో ట్రైనింగ్ ఉన్న టెక్నీషియన్ కన్ను పరీక్ష చేసి చూపిస్తే ఇక్కడ డాక్టర్ చూస్తారు. 2019 నవంబర్‌లో మొదలైన గవర్నమెంట్ టెలిమెడిసిన్ సర్వీసు ఈ-సంజీవనిలో హబ్ అండ్ స్పోక్ పద్ధతి కూడా ఇదే, మన ఆంధ్రాలోనే ముందు మొదలైంది, ఊళ్ళో పేషెంట్ పక్కన సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) ఉండి బీపీ చూసి, షుగర్ చూసి హబ్‌లో డాక్టర్‌కి చెప్తారు. మీకొచ్చే కాల్స్‌లో పేషెంట్ పక్కన అట్లాంటివాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి కాల్ బుక్ అయ్యేటప్పుడే ఆ రోజు బీపీ, షుగర్, టెంపరేచర్ ఊళ్ళో హెల్త్ క్లినిక్‌లోనో ఇంట్లో మెషిన్‌తోనో చూసుకుని రీడింగ్ చెప్పాలని రూల్ పెట్టించండి, ఫ్రంట్ ఆఫీస్ అమ్మాయి అడిగి ఎంటర్ చేస్తుంది. సగం భయం అక్కడే తగ్గుతుంది.

మిగతా సగానికి 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ గైడ్‌లైన్స్ ఒకసారి చదవండి, లాక్‌డౌన్ మొదలైన రోజే వచ్చినవి, పెద్దవేం కాదు. వీడియోలో చూడాలా వద్దా అన్నది డాక్టర్ ఇష్టమే అని, మధ్యలో ఆపేసి నేరుగా రమ్మనే హక్కు డాక్టర్‌కి ఉందని అందులో స్పష్టంగా ఉంది. ఆరు నెలల లోపు మీ దగ్గర నేరుగా చూపించుకున్న మనిషి అదే జబ్బుకి ఫోన్ చేస్తే అది ఫాలో అప్, ఆరు నెలలు దాటితే మళ్ళీ మొదటిసారి కిందే లెక్క. మందులు కూడా లిస్టులుగా విడగొట్టారు, పారాసెటమాల్, ఓఆర్ఎస్ లాంటివి ఎట్లా అయినా రాయొచ్చు, కొన్ని మొదటిసారైతే వీడియోలో చూశాకే రాయాలి, కొన్ని ఫాలో అప్‌లోనే, గట్టి కట్టడి ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందులు అసలు రాయకూడదు. రికార్డు, ప్రిస్క్రిప్షన్ కాపీ దాచుకోవాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, కడుపునొప్పి, ఒక పక్క తిమ్మిరి, గర్భిణీకి బ్లీడింగ్, ఇలాంటివాటికి మీకో లిస్టు రాసి పెట్టుకుని, ఆ మాట వినపడగానే బయల్దేరి రండి అని చెప్పి ఆ మాటే నోట్‌లో రాసెయ్యండి.

రమ్మంటే "ఐదొందలు తీసుకుని రమ్మంటారా" అని గొడవ పడతారని మీకు భయం ఉండొచ్చు, నిజమే. దానికి మేనేజ్‌మెంట్‌తో ఒక ఏర్పాటు చేయించుకోండి, వీడియోలో చూసి రమ్మన్న మనిషికి ఆ ఫీజు ఓపీ ఫీజులో సర్దెయ్యాలి. డబ్బు గొడవ లేకపోతే మీ నోట రండి అన్న మాట తేలిగ్గా వస్తుంది. వాట్సాప్‌లో వచ్చే రిపోర్టు ఫోటోలకి మాత్రం పర్సనల్ నంబర్ నుంచి జవాబు ఇవ్వడం ఆపేయండి, బాగా తెలిసినవాళ్ళైనా సరే. మీరు ఓకే అని బొటనవేలు బొమ్మ పెడతారు, వాళ్ళు దాన్ని ప్రిస్క్రిప్షన్ అనుకుంటారు, మీ రికార్డులో దాని ఆనవాలే ఉండదు.

మీ ఆయన సలహా గురించి. ఆయన మీ మీద ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ క్లినిక్ పెడితే జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో రిజిస్ట్రేషన్, బయోమెడికల్ వేస్ట్, కాంపౌండర్ రాని రోజు, ల్యాబ్ అద్దె, ఇవన్నీ రాత్రి నోట్స్ ప్లేస్‌లోకి వస్తాయి, కాగితం కూడా ఎన్నాళ్ళో ఉండదు, 2021 సెప్టెంబర్‌లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతా మొదలయ్యాక చాలామంది దగ్గర ఆభా నంబర్ (హెల్త్ రికార్డులన్నీ ఒకచోట కలిపే ఐడీ) ఉంటోంది, రేపు మీ క్లినిక్‌కి వచ్చిన పేషెంటే నా రికార్డు ఫోన్లోకి పంపండి అంటాడు. క్లినిక్ మీకు నిజంగా పెట్టాలనుంటే పెట్టండి, కంప్యూటర్ నుంచి పారిపోవడానికి మాత్రం పెట్టకండి.

నా మాటైతే ఆ లాగ్ ప్రింటవుట్ ఇచ్చి మూడు నెలలు చూడండి. మనిషినీ ఇవ్వక, వీడియోకి టైమూ ఇవ్వక, మళ్ళీ టైపింగ్ స్పీడ్ కథే చెప్తే మానేయండి, అందులో ఆలోచించడానికేం లేదు, ఎండీ మెడిసిన్‌కి మీ టౌన్‌లో ఉద్యోగం దొరక్కపోవడం ఉండదు. కొత్త చోట చేరేముందు జీతం మాట్లాడే రోజు కాకుండా ఇంకో రోజు ఓపీ టైంలో వెళ్ళి అక్కడి ఫిజీషియన్ రూంలో ఒక అరగంట కూర్చుంటానని అడగండి. కీబోర్డ్ ఎవరి ముందుంది, ప్రింటర్ అదే రూంలో ఉందా లేక ప్రతి చీటీకీ ఎవరైనా పరిగెత్తాలా, నెట్ పోతే ఏం చేస్తారు, వీడియో కాల్ వస్తే డాక్టర్ ఏం చేస్తున్నారు, ఇవి చూసి వచ్చి అప్పుడు జీతం మాట్లాడుకోండి.